జప్తుకు లొంగని ఇల్లు

ఈ భూమ్మీద మనిషి ఊపిరితో పెరిగిన మొట్టమొదటి గోడకి మొదటి ఊపిరి ఊదింది నేనే. నమ్మనివాళ్ళు ఏలూరు వచ్చి, తమ్మిలేరు దాటాక కనిపించే కాలనీలో మొదటి వరస మొదటి ఇంటి ఉత్తరపు గోడని వేలితో తట్టి చూడండి. ఖంగుమంటుంది. ఆ ఖంగు నా ఛాతీలోదే. కుర్రతనంలో నేను ఏటికి ఇవతల నిలబడి కేకేస్తే అవతల గట్టున మేస్తున్న గొడ్లు ఇంటిదారి పట్టేవి. అయినా ఇది నా కథ కాదు, మంగతాయారు కథ.

మంగతాయారు గృహరుణ సంస్థకి పెద్ద. మేనేజింగ్ డైరెక్టరు అంటారు. బీదాబిక్కీ ఎవరికి ఇల్లు శాంక్షనవ్వాలన్నా ఆ కాగితం ఆవిడ బల్ల మీదుగా పోవాల్సిందే. ఇన్ని గడపలకి సంతకం పెట్టిన మనిషికి తనదంటూ ఒక గడప లేదు. విజయవాడలో సర్కారు క్వార్టర్సు, అందులో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక తులసి కుండీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగితే "తీరిక దొరకలేదు" అనేది, ఇస్త్రీకి బట్టలు వెయ్యడం మరిచిపోయినట్టు.

ఈ కథ మొదలయ్యేనాటికి ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర పడింది. అప్పటికే బాగా అలిసిపోయి ఉంది. పని ఎక్కువై వచ్చిన అలసట కాదది, ఒకే పని ఎంతకీ తెగకపోవడం వల్ల వచ్చిన అలసట. ఇసుక దొరికితే సిమెంటు అందదు, సిమెంటు అందితే మేస్త్రీ దొరకడు, మూడూ కుదిరేసరికి ఇల్లు కట్టుకునేవాడు అప్పులో మెడదాకా దిగి ఉంటాడు. ఆ తరవాత నోటీసు, ఆ తరవాత జప్తు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడే స్వయంగా ఒకింటికి సీలు వెయ్యడానికి వెళ్ళింది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గంజి వార్చుకునేదాకా ఆగి, అన్నం గిన్నె బయట పెట్టుకోనిచ్చి, తాళం వేసి వచ్చింది. ఆ గంజి వాసన ఫైళ్ళలోంచి ఇప్పటికీ వస్తుందని తమ్ముడితో అనేది.

తమ్ముడి పేరు విశ్వం. ఏలూరు కాలేజీలో ప్రొఫెసరు. కొల్లేటి నత్తల గుల్లల మీద పట్టే ఒక రకం నాచు మీద పరిశోధన చేస్తుండేవాడు. సున్నాన్ని కూడగట్టుకుని గట్టిపడే నాచు అది. దాంతో ఏం చెయ్యొచ్చో అతనికీ తెలీదు. వేసవిలో ఒక మధ్యాహ్నం ల్యాబులో కరెంటు పోయింది. పళ్ళెంలో తడి నాచు పరిచి, దాని పక్కనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. లేవబోతే తల లేవలేదు. మీసం పళ్ళేనికి అంటుకుపోయింది. ముక్కు ఎదురుగా ఉన్నంతమేరా నాచు రాయై కూచుంది, మిగతాదంతా ఇంకా బురదే. అటెండరు కత్తెర తెచ్చి సగం మీసం కత్తిరిస్తే గాని బయటపడలేదు.

మిగతా సగం తీయించుకునే ఓపిక కూడా లేకుండా, పళ్ళెం గోనెసంచిలో చుట్టుకుని ఆ సాయంత్రమే బెజవాడ బస్సెక్కాడు.

"ఏంట్రా ఆ వేషం?" అంది మంగతాయారు తలుపు తీసి.

"అక్కా, ఇది కొట్టి చూడు."

పచ్చడిబండతో కొట్టింది. పచ్చడిబండ అంచు లేచిపోయింది.

"దేంతో చేశావు?"

"ఊపిరితో. మనం బయటికి వదిలే గాలి, అందులో వేడి, ఆవిరి, ఇవి కావాలి దీనికి. అవి తాగి సున్నం కట్టుకుంటోంది. కొబ్బరి పీచు తడికలు నిలబెట్టి, కొల్లేటి మట్టిలో ఈ నాచు కలిపి పామేసి, లోపల మనుషుల్ని కాపురం పెట్టామనుకో. వాళ్ళు పడుకుని లేస్తూ ఉంటే చాలు, చుట్టూ గోడలు వాటంతటవే కట్టుకుంటాయి. ఇసుక లేదు, సిమెంటు లేదు."

మంగతాయారు ఆ పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తడుముతూ కూచుంది. ఆ తరవాత, "ముందు ఆ మీసం తీయించుకో. బోర్డు మీటింగుకి రావాలి నువ్వు" అంది.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఇల్లంటే ఎందుకంత పట్టుదలో చెప్పాలి. వాళ్ళ నాన్న జనపనార మిల్లులో గుమాస్తా. పవర్‌పేటలో అద్దెకుండేవారు. ఆయన ఆసుపత్రిలో పోయాడు. రిక్షాలో శవాన్ని తెచ్చేసరికి ఇంటాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మంచివాడే. వచ్చినవాళ్ళకి కాఫీలు కూడా ఇప్పించాడు. "ధనిష్ఠలో పోయాడటమ్మా. శవం లోపలికొస్తే ఆరునెలలు ఇల్లు పాడుపెట్టాలి. నాకున్నది ఈ అద్దే గదా" అన్నాడు. వాళ్ళు శవాన్ని కాలవగట్టున టార్పాలిన్ కింద పెట్టుకున్నారు. వాన పడింది. ఇంటరు చదివే మంగతాయారు టార్పాలిన్‌లో నిండిన నీళ్ళని కర్రతో పైకి నెడుతూ తెల్లారేదాకా నిలబడింది. ఆ రోజు తరవాత ఆ నక్షత్రం పేరు అక్కా ఎత్తలేదు, తమ్ముడూ ఎత్తలేదు. ఒకరితో ఒకరు ఒట్టేసుకోలేదు, అయినా ఎత్తలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కథలో చిక్కంతా ఇక్కడే ఉంది.

బోర్డు మీటింగులో చైర్మన్ కోదండపాణి ఆ రాయిని గోటితో గీకి, మూత తీసిన అత్తరు సీసాలా వాసన చూసి, అవతల పెట్టాడు.

"ఇందులో మనుషులు లేకపోతే ఏమవుతుంది?" అని విశ్వాన్ని అడిగాడు.

"కొన్నాళ్ళు ఓర్చుకుంటుందండి. మూడు వారాలు దాటితే ఆకలికి తట్టుకోలేక తాను కట్టుకున్న సున్నాన్ని తానే తినడం మొదలెడుతుంది. పొడిపొడిగా రాలిపోతుంది."

"అంటే బాకీ కట్టనివాణ్ణి బయటికి పంపి మనం తాళం వేస్తే?"

"ఇల్లుండదండి."

కోదండపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. "విన్నావుగా మంగతాయారూ. జప్తు చెయ్యలేని ఇంటికి అప్పెవడిస్తాడమ్మా? రేపు బ్యాంకులవాళ్ళు నన్ను అడిగితే ఏం చూపించను, బూడిదా?"

"మనుషుల్ని చూపించండి సార్. ఇన్నేళ్ళూ మనం ఇల్లు చూసి అప్పిచ్చాం. ఇంట్లోవాళ్ళు ఏమైపోయినా మనకి గోడలు మిగుల్తాయన్న ధీమా. ఆ ధీమాతో ఎన్నిళ్ళకి తాళాలేశామో మీకు తెలుసు. వాటిల్లో సగం ఇవాళ్టికీ కొనేవాడు లేక పావురాలకి ఇచ్చాం. ఈ ఇంటికి ఆ వీల్లేదు. ఇందులో మనిషుంటేనే మన సొమ్ము ఉంటుంది. వాడికి జబ్బుచేస్తే మనకి భయమెయ్యాలి, పని పోతే మనమే వెతికిపెట్టాలి. అప్పిచ్చినవాడికి ఆ మాత్రం భయం ఉండటం మంచిదే."

"ఇది ధర్మసత్రం కాదమ్మా."

"కాదు సార్. సత్రమైతే ఖాళీ చేయించొచ్చు."

కోదండపాణి నవ్వలేదు గాని సంతకం పెట్టాడు. బహుశా ఆయనకీ తాళాలేసి వేసి విసుగొచ్చి ఉంటుంది.

మొదటి వరస తడికలు లేచిన రోజున పెద్ద వేడుక చేశారు. చుట్టుపక్కల ముసలాళ్ళందరినీ పిలిచి వరసలో నిలబెట్టి తలా ఒక ఊపిరి ఊదించారు. ఇక్కడ మొదట చెప్పినదాన్ని కొంచెం సర్దుకోవాలి. నేనూ వరసలో ఉన్నాను, అందరికన్నా ముందే ఉన్నాను. తీరా నా వంతు వచ్చేసరికి విశ్వం నా నోటి దగ్గర ముక్కు పెట్టి, "తాతగారూ, చుట్ట మానేసి ఎన్నాళ్ళైంది?" అన్నాడు. ఇప్పుడే పారేశానన్నాను. "మీరు ఊదితే గోడకి దగ్గొస్తుందండి" అని గేటు దాకా మర్యాదగా దిగబెట్టాడు. గేటు బయటనుంచే గట్టిగా ఊదాను. అందిందో లేదో ఆ గోడకే తెలియాలి. అసలు మొదటి ఊపిరి ఊదింది ఆ ఇంటి ముసలమ్మే, పైడమ్మ.

పైడమ్మ కోడలు నూకరత్నం. కొల్లేటి చేపలు తట్టలో పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. ఆమె మొగుడు వీర్రాజు వ్యాన్ తోలతాడు. ఇద్దరు ఆడపిల్లలు. అయిదుగురూ ఆ తడికల మధ్య చాపలేసుకుని కాపురం మొదలెట్టారు. ఒక పంటకారు గడిచేసరికి గోడలు అరచెయ్యి మందం కట్టాయి. తెల్లగా కాదు, పాలల్లో పసుపు చుక్క పడ్డట్టుండేవి. ఎండాకాలం చల్లగా, చలికాలం పిల్లి పక్కన పడుకున్నట్టు వెచ్చగా ఉండేవి.

అయితే ఆ కాలనీలో అందరూ ఆవలించేవారు. చేపల బేరం మధ్యలో ఆవలింత, తగువుల మధ్యలో ఆవలింత. ఇద్దరాడవాళ్ళు పంపు దగ్గర జుట్లు పట్టుకోబోయి, ఒకేసారి ఆవలింతొచ్చి, ఎవరింటికి వాళ్ళు పోయారంటే అబద్ధం కాదు.

"గోడ ఊపిరి ఒక్కటే తీసుకోవట్లేదక్కా. ఒంట్లో సత్తువ కూడా కొంచెం లాగుతోంది" అన్నాడు విశ్వం, వాళ్ళందరి నాడి చూపించి వచ్చాక. "నలుగురైదుగురు ఉన్న ఇంట్లో పంచుకుంటారు కాబట్టి బద్ధకంతో పోతుంది. ఒక్కరే ఉన్న ఇల్లైతే ఆ ఒక్కర్నే తాగుతుంది. ఒంటరివాళ్ళకి ఈ ఇల్లివ్వొద్దు."

మంగతాయారు ఆ నిబంధన రాసింది. ఇంకా చాలా రాసింది. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్తే ఎవరు పడుకోవాలి, మిరపకోతలకి గుంటూరు వైపు వలసపోతే ఎవరు పడుకోవాలి, పురుడొస్తే, పెళ్ళొస్తే, ఆసుపత్రి పాలైతే, అన్నిటికీ ఇరుగుపొరుగు తోడు ఏర్పాటు చేసింది. ఇల్లు ఎందుకు ఖాళీ అవుతుందో తెలుగుదేశంలో ఉన్న కారణాలన్నీ పోగేశారు ఆఫీసులో. ఒక్కటి వదిలేశారు. మిగతా ఆఫీసర్లకి అది తట్టలేదు. వాళ్ళుండేది ఫ్లాట్లలో, అక్కడ ఒక గదికి తాళం వేసి శాంతి చేయించి సరిపెట్టుకుంటారు. తట్టాల్సిన మనిషి మంగతాయారు. ఆవిడ ఆ మాటని మనసులో ఎంత లోతున పాతిపెట్టిందంటే, అవసరమొచ్చినప్పుడు తనకే దొరకలేదు.

పైడమ్మ భోజనం చేసి, గోడకానుకుని కూచుని, మనవరాలి జడ అల్లుతూ అల్లుతూ పోయింది. మంచి చావు. పురోహితుడు పంచాంగం చూసి నిట్టూర్చాడు. అదే నక్షత్రం, ఆరునెలల పాడు.

ఫోనొచ్చినప్పుడు మంగతాయారు భోజనం దగ్గరుంది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి బయల్దేరింది. వెళ్ళేసరికి సామాన్లన్నీ వీధిలో ఉన్నాయి. వీర్రాజు తుమ్మకంప కొట్టి తెచ్చి గుమ్మానికి అడ్డంగా కడుతున్నాడు. నూకరత్నం తట్ట మీద కూచుని ఇంటివైపు చూస్తోంది.

"మమ్మల్ని తిట్టకండి మేడంగారండి. గోడ సంగతి మాకు తెలవదనుకోకండి. మా అత్త ఊపిరది. కానీ పిల్లలున్నోళ్ళం. రేపేదైనా అయితే నేనే చేశాననుకుంటాను గదండి బతికినన్నాళ్ళూ."

"తిట్టడానికి రాలేదమ్మా. ఎక్కడుంటారు ఇప్పుడు?"

"ఎవరిస్తారండి అద్దెకి? విన్నోళ్ళు విన్నట్టే తలుపేసుకుంటన్నారు. కాలవగట్టున టార్పాలిన్ కట్టుకుంటామండి."

మంగతాయారు వీధిలో ఉన్న తిరగలి మీదే కూలబడింది. ఎప్పటి వానో భుజం మీద పడుతున్నట్టనిపించింది. కాసేపటికి హ్యాండుబ్యాగులోంచి తాళంచెవి తీసి నూకరత్నం చేతిలో పెట్టింది.

"బెజవాడలో నా క్వార్టర్సు. వెళ్ళి ఉండండి. తులసికి నీళ్ళు పొయ్యండి."

"మీ ఇంట్లోకండీ? మమ్మల్ని? ఈ స్థితిలోనా?"

"నాకే స్థితీ లేదు. వెళ్ళండి."

మూడు వారాల్లోపు దారి వెతకాలి. ఆ వరసలో ఇళ్ళన్నీ గోడకి గోడ అతుక్కుని ఉన్నాయి. ఇది రాలితే పక్కది, ఆ పక్కది. వరస రాలిందంటే పత్రికల్లో ఫొటో పడుతుంది. ఫొటో పడ్డ మర్నాడు కోదండపాణి బ్యాంకులవాళ్ళతో కలిసి పాత తాళాలు బయటికి తీస్తాడు. ఇంకా పునాది పడని కాలనీలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఇదంతా ఆవిడకి తెలుసు.

విశ్వం బొగ్గుపులుసు గాలి సిలిండర్లు తెచ్చి కిటికీలోంచి గొట్టం పెట్టాడు. గోడ పుల్లటి వాసన కొట్టి మెత్తబడింది. మనిషి నోటి ఆవిరికి అలవాటు పడ్డ నాచు, డబ్బాపాలు పట్టని పసిపిల్లలా మొహం తిప్పేసుకుంది. ఆ తరవాత ఎవరో సలహా ఇస్తే పెరటి దోవన ఒక గేదెని తోలి లోపల కట్టేశారు. గేదె ఊపిరంటే మాటలా. వారం తిరక్కుండానే గోడ పొట్టలేసింది. ఇంకో రెండ్రోజులుంటే గేదె ఆ వాకిట్లోంచి బయటికి రావడం కష్టమయ్యేది. అయితే ఆ పొట్ట గడ్డిమేటులా మెత్తన. వేలు పెడితే దిగిపోయింది. పొట్టలన్నీ గోకి తీసేశారు. నక్షత్రాలు పట్టించుకోనివాళ్ళ కోసం కూడా వెతికారు. వాళ్ళకి నక్షత్రమంటే భయం లేదు గాని గోడంటే భయం. ఒంటరిగా ఉంటే తాగేస్తుందని అప్పటికే ఊరంతా పాకింది.

"నేనుంటాను" అన్నాడు విశ్వం.

"నువ్వు ల్యాబులో ఉండాలి. మిగతా ఇళ్ళకి నాచు ఎవరు చూస్తారు?"

"మరి ఎవరుంటారక్కా?"

మంగతాయారు పురోహితుడి ఇంటికి నడిచింది. ఆయన వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు.

"పాడుపెట్టడమంటే ఆ ఇంటివాళ్ళు ఉండకూడదనా, అసలు మనిషే ఉండకూడదనా అండీ?"

"ఆ ఇంటివాళ్ళనే తల్లీ. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు. పరాయివాళ్ళ సంగతి ఎక్కడా రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"వచ్చి ఉంటామని అడిగే పిచ్చివాళ్ళు ఉంటారని అనుకోలేదేమో" అన్నాడు ఆయన, ఇంకో చిక్కుడుకాయ తీసుకుంటూ.

నూకరత్నానికి ఫోన్ చేసి అనుమతి అడిగింది. "మీకేమైనా అయితేనండీ?" అంది ఆమె. ఏమీ కాదని చెప్పి, పెరటి వైపునుంచి ముళ్ళకంప తప్పించుకుని, ఒక చాప, ఒక మరచెంబు, ఒక దిండుతో మంగతాయారు లోపలికెళ్ళింది.

దీపం లేదు, పొయ్యి లేదు. పక్కింటివాళ్ళు పెరటి గోడ మీద కారియరు పెట్టి, పేరు పిలిచి, వెళ్ళిపోయేవారు. ఫైళ్ళు తెచ్చే ఆఫీసు ప్యూను ముళ్ళకంప దగ్గరే ఆగిపోయి, ఫైలుని గడకర్ర చివర కట్టి లోపలికి చాపేవాడు. ఆవిడ సంతకం పెట్టి కర్రకి తగిలించేది. ఆ సంతకాలు మొదటి నెలలో నిటారుగా ఉండేవి. పోనుపోను పక్కకి వాలిపోయాయి.

నిజంగానే గోడ ఆవిణ్ణి తాగింది. మొదట ఆవలింతలు. తరవాత మెట్టెక్కితే ఆయాసం. తరవాత మాట మధ్యలో ఆగి, ఏం చెప్పబోయిందో గుర్తురాక, ఊరికే గోడ వైపు చూసేది. విశ్వం మధ్యాహ్నాలు వచ్చి కూచునేవాడు. ఆవిడ ఎప్పుడూ ఉత్తరపు గోడవైపు తిరిగే పడుకునేది. అక్కడ, ఆవిడ ఊపిరి తగిలే మేర, గోడ మిగతా చోట్ల కన్నా నున్నగా చిన్న దిండంత పొంగింది.

"ఇక చాలక్కా. రిటైరయ్యే మనిషివి. ఒక్క వరస కోసం ప్రాణం పెడతావా?"

"ఒక్క వరస కాదురా." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "కట్టమని చెప్పినప్పుడు నేను మరిచిపోయిన ముక్క ఇది. ఇంకెవరైనా మరిచిపోతే సరే. నేనెలా మరిచిపోయాను?"

విశ్వం తల దించుకున్నాడు. "నేనూ మరిచిపోయానుగా."

"ఆ రోజు ఇంటాయన మనకి కాఫీ ఇచ్చాడు, గుర్తుందా?"

"నువ్వు తాగలేదు."

"తాగాన్రా. చాలా బాగుంది. అదే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆవిడకి దగ్గొచ్చింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ నక్షత్రం పేరు ఆవిడే పైకి అంది. అంటే ఏమీ కాలేదు. గోడ గోడలాగే ఉంది.

రిటైర్మెంటు రోజు కూడా ఆ ఇంట్లోనే గడిచింది. కోదండపాణి కారేసుకుని స్వయంగా వచ్చాడు. ముళ్ళకంప దాకా వచ్చి, దాటడానికి మనసొప్పక, కిటికీలోంచి శాలువా అందించాడు. "నీలాంటి ఆఫీసర్ని నేను చూళ్ళేదు మంగతాయారూ" అన్నాడు. ఆవిడ శాలువా కప్పుకుని, కిటికీ ఊచ పట్టుకుని నిలబడి నమస్కారం పెట్టింది. ఆయన వెళ్ళిపోయాక ఆ శాలువాతోనే నిద్రపోయింది.

ఈలోగా బెజవాడ క్వార్టర్సులో నూకరత్నం కాపురం సాగింది. ఎండుచేపల వాసనకి పక్క బంగళాల ఆఫీసర్లు మొదట కిటికీలు మూసుకున్నారు. తరవాత ఒక ఆదివారం ఒకావిడ గోడ మీంచి తొంగిచూసి కొరమేను ఉందా అని అడిగింది. ఆ తరవాత కిటికీలు తెరుచుకున్నాయి. తులసి ఏపుగా పెరిగింది.

గడువు తీరాక ముళ్ళకంప తీసేసి, ఇల్లు కడిగి, హోమం చేయించి, అందరూ తిరిగొచ్చారు. నూకరత్నం గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. రాయిలా ఉంది. మంగతాయారు చాప చుట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని, విశ్వం ఇంటికి వెళ్ళింది. వారం పది రోజులు ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది.

లేచి కూచుని చారన్నం తింటున్న రోజున నూకరత్నం వచ్చింది. తట్ట లేదు. కొంగు కొసలో ఏదో మూటకట్టి తెచ్చింది. విప్పితే తెల్లటి పొడి.

"రాలతందండి" అంది.

విశ్వం పొడిని వేలితో రుద్ది చూశాడు. "ఇది నాకు తట్టాల్సింది. పళ్ళేల్లో కూడా ఇలాగే చేస్తుంది. అలవాటైన ఊపిరి పోతే కొత్తదాన్ని ఒకపట్టాన ఒప్పుకోదు. ఒక ఆవు పాలకి అలవాటు పడ్డ దూడలాగ. ఇన్నాళ్ళూ అక్క ఒక్కతే కదా ఉంది."

"అయితే ఇప్పుడేం చెయ్యాలండి?"

"పాత ఊపిరీ కొత్త ఊపిరీ కలిసి ఉండాలి. మెల్లగా మీది అలవాటవ్వాలి. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. ఆరు నెలలు ఒక్క ఊపిరితోనే బతికిన గోడ అది. ఏళ్ళు పట్టొచ్చు. అయితే ఒకటి, మీరంతా ఉంటారు కాబట్టి ఈసారి అక్క ఒక్కదాన్నే తాగదు."

మంగతాయారు కంచం పక్కకి జరిపింది. "నాకు ఓపిక లేదు నూకరత్నం. ఉన్నదంతా అక్కడే పెట్టొచ్చాను" అంది. ఫిర్యాదులా అనలేదు. సంచీలో బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

"తెలుసండి. మీరు పని చెయ్యక్కర్లేదు. ఊరికే కూచోండి. ఊపిరి పీల్చి వదలండి, ఎక్కడైనా వదలాల్సిందే గదా. ఉత్తరపు గోడ కాడ మంచమేశాను. ఆ పొంగు మీద పిల్లలు మేకు కొడతామంటే కొట్టనివ్వలేదు."

"మీ ఇంట్లో నేనెందుకమ్మా?"

"అప్పిచ్చినోళ్ళొచ్చి ఇల్లు జప్తు చేస్తారని విన్నానండి. మా యింట్లో తిరకాసు జరిగింది. అప్పిచ్చినామెనే ఇల్లు జప్తు చేసింది. ఇక మీరేం చేస్తారు, మేమేం చేస్తాం. లెగండి."

మంగతాయారు నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. చివరికి అడిగింది.

"ముసలిదాన్ని. రేపు నేనక్కడే పోతే?"

"పోతే పోతారు. మాయింట్లోనే పోండి."

"అదే నక్షత్రంలో పోతే?"

నూకరత్నం పొడి మూట మళ్ళీ కొంగుకి కట్టుకుంది. "అప్పుడు ముళ్ళకంప కట్టుకుని మేం బయటికెళ్తామండి. ఎవరో ఒకరొచ్చి లోపల కూచుంటారు. మీరు రాలేదా ఏంటి? మీ శవం మటుకు వీధిలో పెట్టం. ఆ పూచీ నాది."

మంగతాయారు లేవడానికి చెయ్యి చాపింది. నూకరత్నం పట్టుకుంది. విశ్వం గబగబా అక్క బట్టలు సంచీలో సర్ది, పైన శాలువా పెట్టాడు.

ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. సాయంత్రాలు అరుగు మీద కూచుని ఆవలిస్తుంటుంది. నేను అటు వెళ్తే పలకరిస్తుంది, చుట్ట ఆర్పి రమ్మంటుంది.

అన్నట్టు, ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. గేదె అనుకుంటున్నారేమో, కాదు. గేదెకి నేనే సాక్షిని, దానికి గడ్డి కోసి పెట్టింది మా తోడల్లుడు. మీసమూ నిజమే. కల్పించింది రిటైర్మెంటు రోజు సంగతి. ఆ రోజు కోదండపాణి రాలేదు. ఎవరూ రాలేదు. శాలువా ఏలూరు బజార్లో విశ్వం కొని, చైర్మన్‌గారు కిటికీ దాకా వచ్చి, నువ్వు నిద్రపోతుంటే లేపలేక నాకిచ్చి వెళ్ళారని అక్కతో చెప్పాడు. ఆవిడ శాలువాని అటూ ఇటూ తిప్పి చూసింది. అంచుకి కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. దాన్ని మెల్లగా తెంపి దిండు కింద పెట్టుకుని, "పెద్దమనిషి, శ్రమపడి వచ్చాడు పాపం" అంది.